ఫారంలో నింపిన కుటుంబం సర్వీసుకు చేరేసరికి ఎందుకు చెదిరిపోతోంది?

ప్రశ్న: నేను సికింద్రాబాదు సీతాఫల్‌మండిలో ఉంటాను. డిగ్రీ పూర్తయ్యాక అమీర్‌పేటలో ఆరు నెలలు వెబ్ కోర్సు నేర్చుకున్నాను. మా బస్తీలో ఒక స్వచ్ఛంద సంస్థ నెలకొకసారి ఉచిత వైద్య శిబిరం నడుపుతుంది. ఇన్నాళ్లూ పేర్లను కాగితాల మీద రాసుకునేవారు. దానిని ఫోనులో నింపే ఫారంగా మార్చే పని నాకు అప్పగించారు. ఫారం పంపే వివరాలను అందుకునే సర్వీసును వేరొకరు స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్కులో రాశారు, కుటుంబం మొత్తాన్ని ఒకే జేసన్ ఆబ్జెక్టుగా (పేరు, విలువల జతలుగా రాసే పాఠ్య రూపంలో) పంపమన్నారు. మొదటిసారి పంపినప్పుడు 415 అని జవాబు వచ్చింది. ఏదో మార్చాక అది పోయింది గాని, నలుగురున్న కుటుంబంలో చివరి వ్యక్తి ఒక్కరే అటువైపు చేరుతున్నారు. పుట్టిన తేదీలు కూడా ఒక రోజు వెనక్కి జరుగుతున్నాయి. తప్పు నాదా, సర్వీసుదా? దయచేసి వివరించగలరు.
ఒక పాఠకురాలు, సీతాఫల్‌మండి

జవాబు: మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ వేరువేరుగా కనిపిస్తున్నా వాటి మూలం ఒక్కటే. హెచ్‌టీఎంఎల్ ఫారానికి కుటుంబం అంటే ఏమిటో తెలియదు. గడికి పెట్టిన పేరు, ఆ గడిలో నింపిన విలువ, ఈ రెండూ కలిసిన జత మాత్రమే దానికి తెలుసు. నలుగురు సభ్యులకు నాలుగేసి గడులుంటే బ్రౌజరుకు కనిపించేది పదహారు జతల వరుసే గాని, నలుగురు మనుషులు కాదు. సర్వీసు ఎదురుచూస్తున్నదేమో కుటుంబం, దానిలో సభ్యుల జాబితా, ఆ జాబితాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఆబ్జెక్టు. వరుసగా ఉన్నదానిని ఆ ఆకారంలోకి తెచ్చే పని బ్రౌజరు చేయదు, సర్వీసూ చేయదు, మీరు రాసే జావాస్క్రిప్టే చేయాలి. ఫారమే నేరుగా జేసన్ పంపేలా చేయాలని వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ 2014లో ఒక ముసాయిదా తయారుచేసింది గాని, 2015లో ఆ పనిని ఆపేసింది. కాబట్టి ఈ బాధ్యత నేటికీ ఫారం రాసేవారి మీదనే ఉంది.

ముందుగా 415 సంగతి చూద్దాం. ఆ అంకెకు అర్థం, మీరు పంపిన రకం సమాచారాన్ని ఈ చిరునామా తీసుకోదని. బహుశా మీరు ఆబ్జెక్టును జేసన్ డాట్ స్ట్రింగిఫైతో స్ట్రింగుగా (అక్షరాల వరుసగా) మార్చి, రిక్వెస్టు పంపే ఫెచ్‌కు ఇచ్చి, పంపేది ఏ రకమో చెప్పే కంటెంట్ టైప్ హెడరు పెట్టడం మరిచిపోయి ఉంటారు. స్ట్రింగు ఇచ్చి హెడరు పెట్టకపోతే ఫెచ్ దానిని సాదా పాఠ్యమని ప్రకటిస్తుంది. లోపల ఉన్నది అక్షరాలా జేసనే అయినా, సర్వీసు ముందు చూసేది ఆ ప్రకటననే. హెడరులో "అప్లికేషన్/జేసన్" అని పెడితే ఈ అడ్డంకి తొలగుతుంది. మీరు మార్చిన "ఏదో" ఇదే అయి ఉండాలి. స్ప్రింగ్ ఇలా ముఖం మీదే తిరస్కరించడం నిజానికి మేలు. పీహెచ్‌పీలో రాసిన సర్వీసుకు జేసన్ పంపితే ఫారం విలువలు చేరే దాని పోస్ట్ అరే ఏ ఫిర్యాదూ లేకుండా ఖాళీగా ఉంటుంది, ముడి ఇన్‌పుట్‌ను విడిగా చదివి విప్పుకుంటే తప్ప వివరాలు దొరకవు. తిరస్కరించే సర్వీసుతో పని చేయడమే సులువని నా అనుభవం. మరొక మాట. మీ పేజీ ఒక డొమైనులోనూ సర్వీసు మరొక డొమైనులోనూ ఉంటే, జేసన్ అని ప్రకటించినప్పుడు బ్రౌజరు అసలు రిక్వెస్టుకు ముందే ఆప్షన్స్ అనే అనుమతి రిక్వెస్టును పంపుతుంది. దానికి సర్వీసు సరైన జవాబు ఇవ్వకపోతే మీ వివరాలు అసలు బయలుదేరవు. ఆ అనుమతిని సర్వీసు రాసినవారే ఇవ్వాలి, మీ వైపు నుంచి చేయగలిగింది లేదు.

ఇక ముఖ్యమైన విషయానికి వస్తాను. నలుగురిలో చివరి వ్యక్తి మాత్రమే మిగలడానికి కారణం, మీరు ఫామ్‌డేటాను (ఫారంలోని జతలన్నీ ఉండేదానిని) ఆబ్జెక్ట్ డాట్ ఫ్రమ్‌ఎంట్రీస్ ద్వారా ఒక్క కోడ్ వరుసలో ఆబ్జెక్టుగా మార్చి ఉండటమే. చాలా పాఠాల్లో ఈ ఒక్క వరుసే నేర్పుతారు, ఒక్కొక్క గడి ఒక్కసారే వచ్చే ఫారానికి అది చక్కగా పని చేస్తుంది కూడా. అయితే ఆబ్జెక్టులో ఒక కీ (విలువకు పెట్టిన పేరు) ఒక్కసారే ఉండగలదు. "పేరు" అనే గడి నాలుగుసార్లు వస్తే రెండవది మొదటిదాన్ని, మూడవది రెండవదాన్ని చెరిపేస్తూ పోయి చివరిది నిలుస్తుంది. ఏ హెచ్చరికా రాదు.

దీనికి విరుగుడుగా చాలామంది, ఒకే పేరున్న గడుల విలువలన్నీ ఒకేసారి ఇచ్చే గెట్‌ఆల్‌ను ఆశ్రయిస్తారు. పేర్లన్నీ ఒక జాబితాగా, పుట్టిన తేదీలన్నీ ఒక జాబితాగా, షుగర్ ఉందా అన్న టిక్కులన్నీ ఒక జాబితాగా తీసుకుని, మొదటి పేరుకు మొదటి టిక్కు, రెండవ పేరుకు రెండవ టిక్కు అని జత కలుపుతారు. ఈ దారి మొదటిదానికన్నా ప్రమాదకరం, ఎందుకంటే టిక్కు పెట్టని చెక్‌బాక్సును బ్రౌజరు అసలు పంపదు. కొన్నేళ్ల కిందట ఇటువంటి శిబిరంలోనే నేను దీనిని కళ్లారా చూశాను. తాత, నాయనమ్మ, కోడలు, మనవడు, నలుగురి పేర్లు నమోదయ్యాయి. షుగర్ ఉన్నది నాయనమ్మకు ఒక్కరికే కాబట్టి టిక్కుల జాబితాలో ఉన్నది ఒకే ఒక్క టిక్కు. అది జాబితాలో మొదటిది గనుక మొదటి పేరైన తాతకు అంటుకుంది. గ్లూకోమీటరు పట్టుకున్న నర్సు ఫోనులో చూసి తాతను పిలిచి వేలు చాపమంది. నాయనమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని, నన్ను ఎందుకు పిలవలేదని రెండుసార్లు అడిగింది. ఆమె అడగకపోయి ఉంటే ఆ రోజు ఆమెకు పరీక్ష జరిగేది కాదు. ఫారంలో ఏ గడీ ఖాళీగా లేదు, సర్వీసు 200 (అంతా సరే) అనే జవాబిచ్చింది, జేసన్‌లో ఒక్క కామా కూడా తప్పలేదు. ఆకారం మాత్రమే తప్పింది.

కాబట్టి నిలువు వరుసలుగా కాకుండా మనిషి వెంట మనిషిగా చదవండి. ఒక్కొక్క సభ్యునికి చెందిన గడులను ఒక ఫీల్డ్‌సెట్‌లో (గడులను గుంపుగా ఉంచే ట్యాగులో) ఉంచండి. పంపే సమయంలో ఒక్కొక్క ఫీల్డ్‌సెట్ దగ్గర ఆగి, దానిలోని గడులను మాత్రమే చదివి, ఒక ఆబ్జెక్టును పూర్తిగా కట్టి, జాబితాలో చేర్చి, తరువాతి దానికి వెళ్లండి. చెక్‌బాక్సు విలువను ఫామ్‌డేటా నుంచి కాక, ఆ చెక్‌బాక్సునే అడిగి తీసుకోండి. అప్పుడు టిక్కు ఉన్నా లేకున్నా జవాబు తప్పక వస్తుంది. చివరికి తయారయ్యేది ఇలా ఉంటుంది (చదవడానికి వీలుగా కీలను కూడా తెలుగులో రాశాను):

{
  "బస్తీ": "సీతాఫల్‌మండి",
  "సభ్యులు": [
    { "పేరు": "లక్ష్మమ్మ", "పుట్టిన సంవత్సరం": 1958, "పుట్టిన తేదీ": నల్, "షుగర్": ట్రూ },
    { "పేరు": "రవి", "పుట్టిన సంవత్సరం": 2014, "పుట్టిన తేదీ": "2014-06-02", "షుగర్": ఫాల్స్ }
  ]
}

నల్ (విలువ లేదు), ట్రూ (అవును), ఫాల్స్ (కాదు) అనే మాటలను అసలు జేసన్‌లో ఇంగ్లిషు చిన్న అక్షరాలతో, కొటేషన్లు లేకుండా రాయాలి. వీటికి కొటేషన్లు పెడితే అవి మామూలు స్ట్రింగులైపోతాయి, "ఫాల్స్" అన్న స్ట్రింగును జావాస్క్రిప్టు నిజమనే లెక్కిస్తుంది.

పై నమూనాలో లక్ష్మమ్మ తేదీ దగ్గర నల్ ఉండటం కావాలని చేసిందే. మన బస్తీల్లో పెద్దవారిలో చాలామందికి పుట్టిన సంవత్సరం ఉజ్జాయింపుగా తెలుసు, తేదీ తెలియదు. ఫారం తేదీ తప్పనిసరి అంటే నింపే కార్యకర్త జనవరి 1 అనో జూలై 1 అనో వేసి ముందుకు పోతాడు. ఆ తరువాత అది ఊహ అని ఎవరికీ గుర్తుండదు. తెలిసినదాన్ని తెలిసినంతవరకే చెప్పే వెసులుబాటు ఆకారంలోనే ఉండాలి. షుగర్ విషయంలో కూడా ఇదే ఆలోచించాలి. లేదు అన్నదీ, ఇంకా అడగలేదు అన్నదీ ఒకటి కావు. ఒక్క చెక్‌బాక్సు ఈ తేడాను చెప్పలేదు. అవును, కాదు, తెలియదు అని మూడు రేడియో బటన్లు పెట్టి, మూడవదాన్ని నల్‌గా పంపమని నా గట్టి సలహా.

తేదీ ఒక రోజు వెనక్కి జరగడం మన దేశంలో ఫారాలు రాసే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య. మీరు తేదీ కోసం ఏదో క్యాలెండర్ లైబ్రరీని వాడి ఉంటారు. అది రవి పుట్టిన తేదీని, అంటే తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2ను, ఆ రోజు అర్ధరాత్రి పన్నెండు గంటల సమయంగా, అదీ మన గడియారం ప్రకారం, డేట్ ఆబ్జెక్టులో దాచుకుంటుంది. స్ట్రింగిఫై ఆ ఆబ్జెక్టును యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయంలోకి) మార్చి రాస్తుంది. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, జూన్ 2 అర్ధరాత్రి అక్కడ జూన్ 1 సాయంత్రం 18:30 అవుతుంది. సర్వీసు సమయాన్ని వదిలేసి తేదీని మాత్రమే తీసుకున్నప్పుడు పిల్లవాడు ఒక రోజు ముందే పుట్టినట్లు నమోదవుతుంది. మీరు పంపిన జేసన్‌లో 18:30 కనబడితే కారణం ఇదేనని నిశ్చయంగా అనుకోవచ్చు. పుట్టిన తేదీ క్యాలెండరులోని ఒక రోజు మాత్రమే, దానికి గంటలూ నిమిషాలూ లేవు. కనుక దానిని డేట్ ఆబ్జెక్టుగా మార్చనే వద్దు. హెచ్‌టీఎంఎల్‌లోని డేట్ గడిని వాడితే, తెరమీద రోజు, నెల, సంవత్సరం ఏ వరుసలో కనిపించినా, దాని విలువ మాత్రం ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలో స్ట్రింగుగానే వస్తుంది. దానిని తాకకుండా అలాగే పంపండి.

అంకెల దగ్గర కూడా ఇటువంటి జాగ్రత్తే అవసరం. ఫారం నుంచి వచ్చే ప్రతి విలువా స్ట్రింగే, వయసు గడిలో రాసిన 62 కూడా. దానిని సంఖ్యగా మార్చడానికి నంబర్ అనే ఫంక్షనును వాడినప్పుడు, ఖాళీ గడి సున్నా అయిపోతుంది. వయసు చెప్పని తాత సున్నా ఏళ్ల పసివాడుగా పిల్లల వైద్యుని జాబితాలోకి వెళ్తాడు. కాబట్టి ముందు ఖాళీయా కాదా చూసి, ఖాళీ అయితే నల్ పెట్టి, కాకపోతేనే సంఖ్యగా మార్చండి. ఫోను నంబరు, పిన్‌కోడు, పద్నాలుగు అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు వంటివి అంకెలతో రాసినా సంఖ్యలు కావు, ఎవరూ వాటిని కూడరు, తీసివేయరు. వాటిని స్ట్రింగులుగానే ఉంచండి. ఖాతా నంబరు సున్నాతో మొదలైతే సంఖ్యగా మార్చిన క్షణంలో ఆ సున్నా పోతుంది. జావాస్క్రిప్టు తేడా రాకుండా పట్టుకోగల పూర్ణసంఖ్యల హద్దు 9007199254740991, అంటే పదహారు అంకెలు. అది దాటితే చివరి అంకెలు మారిపోయే ప్రమాదం ఉంది. గీతలూ వాలుగీతలూ కలిసి ఉండే మన హైదరాబాదు ఇంటి నంబర్లను సంఖ్యలుగా మార్చాలనే ఆలోచన ఎలాగూ ఎవరికీ రాదు.

ఇంకొక రెండు విషయాలు మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఫారం లోపల ఉన్న బటనుకు రకం చెప్పకపోతే బ్రౌజరు దానిని సబ్మిట్ బటనుగానే భావిస్తుంది. "మరొక సభ్యుని చేర్చు" అని మీరు పెట్టిన బటను నొక్కగానే సగం నింపిన ఫారం వెళ్లిపోవడానికి ఇదే కారణం అవుతుంది. రెండవది ఇంకా తీవ్రమైనది. ఫారానికి మెథడ్ (పంపే పద్ధతి) రాయకపోతే అది గెట్‌గా, అంటే వివరాలను చిరునామాలోనే చేర్చి పంపే పద్ధతిగా ఉంటుంది. మీ స్క్రిప్టులో, బ్రౌజరు తనంతట తాను ఫారం పంపకుండా ఆపే ప్రివెంట్ డిఫాల్ట్ మరిచిపోయినా, దానికి ముందు వరుసలో ఏదైనా తప్పు వచ్చి స్క్రిప్టు ఆగిపోయినా, బ్రౌజరు ఫారాన్ని తన పాత పద్ధతిలో పంపేస్తుంది. అప్పుడు పేర్లూ జబ్బులూ అన్నీ పేజీ చిరునామాలో అతికించబడి, ఫోను హిస్టరీలోనూ సర్వరు లాగులలోనూ నిలిచిపోతాయి. మనుషుల ఆరోగ్య వివరాలను నమ్మి మన చేతిలో పెట్టినప్పుడు ఇది జరగకూడదు. ఫారం ట్యాగులోనే మెథడ్ పోస్ట్ అని రాసి ఉంచండి.

తప్పు ఎవరిదని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి సర్వీసులో లోపం కనబడటం లేదు. అయితే అది రాసినవారు మీకు నోటిమాటగా కాక, నింపిన ఒక నమూనా జేసన్‌ను చేతికి ఇచ్చి ఉంటే ఈ మూడింటిలో రెండు తప్పేవి. ఇప్పుడైనా అడిగి తీసుకోండి. బ్రౌజరులో నెట్‌వర్క్ ట్యాబు తెరిచి, పేలోడ్ కింద మీరు పంపినదాన్ని ఆ నమూనా పక్కన పెట్టి, కీ తరువాత కీ పోల్చి చూడండి. నలుగురున్న కుటుంబంతో, వారిలో రెండవవారికి మాత్రమే షుగర్ ఉన్నట్లు నింపి చూస్తే నేను పైన చెప్పిన పొరపాటు వెంటనే బయటపడుతుంది.

ప్రశ్న: జేసన్‌తో పాటు పాత మందుల చీటీ ఫోటో కూడా పంపాలి. బేస్64గా (ఫైలును అక్షరాలుగా రాసే పద్ధతిలోకి) మార్చి జేసన్‌లోనే పెట్టాను. చిన్న ఫోటోలు వెళ్తున్నాయి, పెద్దవి 413 అని వెనక్కి వస్తున్నాయి. ఏం చేయాలి?
ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: బేస్64లో ప్రతి మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, అంటే 3 ఎంబీ ఫోటో 4 ఎంబీ అవుతుంది. 413 అంటే పంపినది సర్వీసు హద్దును మించిందని. మీ సర్వీసు ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్టు ఫ్రేమ్‌వర్కులో రాసినదైతే జేసన్‌కు దాని సహజ హద్దు 100 కేబీ మాత్రమే. ఆ హద్దును పెంచుకుంటూ పోవడం సరైన మార్గం కాదు. ఫైళ్లు పంపడానికి, ఒకే రిక్వెస్టును భాగాలుగా పంపే మల్టీపార్ట్ పద్ధతి 1995 నుంచే ఉంది. ఒక ఫామ్‌డేటా తయారుచేసి, కుటుంబపు జేసన్‌ను అప్లికేషన్/జేసన్ రకం బ్లాబ్‌గా (ఫైలు వంటి ముద్దగా) ఒక భాగంలో, ఫోటోను మరొక భాగంలో చేర్చండి. ఆకారం చెడదు, ఫోటో ఉబ్బదు. ఇక్కడ మాత్రం కంటెంట్ టైప్ హెడరును మీరు పెట్టకండి. మల్టీపార్ట్‌లో భాగాలను విడదీసే సరిహద్దు గుర్తును బ్రౌజరే తయారుచేసి ఆ హెడరులో రాస్తుంది. మీరు చేత్తో రాస్తే ఆ గుర్తు పోయి, సర్వీసుకు ఏ భాగం ఎక్కడ ముగిసిందో తెలియదు. పై జవాబులో హెడరు పెట్టమనీ ఇక్కడ పెట్టవద్దనీ చెప్పడం వింతగా తోచవచ్చు. అక్కడ మీరిచ్చిన స్ట్రింగు ఏమిటో ఫెచ్‌కు తెలియదు, ఇక్కడ ఫామ్‌డేటా అని దానికి తెలుసు.

ప్రశ్న: తెలుగులో రాసిన పేర్లు ఒకచోట శాతం గుర్తులుగా, ఒకచోట ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. జేసన్ తెలుగును మోయలేదా?
ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: నిక్షేపంగా మోస్తుంది. వ్యవస్థల మధ్య పంపుకునే జేసన్ యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలోనే ఉండాలని 2017 నాటి ప్రమాణం చెబుతోంది. శాతం గుర్తులు కనిపిస్తే మీరు పంపినది జేసన్ కాదు, ఫారం పాత పద్ధతిలో వెళ్లిందని అర్థం. ఆ పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లుగా, ప్రతి బైటు శాతం గుర్తుతో మొదలయ్యే మూడు అక్షరాలుగా మారుతుంది. "రవి"లో ర, వ, గుడి అని మూడు సంకేతాలు కనుక ఇరవై ఏడు అక్షరాలవుతాయి. సర్వరు దానిని విప్పుకుంటే పేరు యథాతథంగా వస్తుంది, కంగారు పడవలసింది లేదు. ప్రశ్నార్థకాల సంగతి వేరు. అవి సాధారణంగా డేటాబేసులో పుడతాయి, ఆ కాలమ్ లాటిన్ అక్షరాలకే సరిపడేలా ఉన్నప్పుడు. మైఎస్‌క్యూఎల్ అయితే పట్టికనూ కనెక్షన్‌నూ కూడా యూటీఎఫ్8ఎంబీ4కు మార్చండి. ఇకముందు వచ్చే పేర్లు సరిగా నిలుస్తాయి. ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా చేరినవి మాత్రం ఏ మార్పిడితోనూ తిరిగి రావు, ఆ మనుషులకు ఫోను చేసి పేర్లు మళ్లీ అడిగి రాసుకోవాలి.